అత్తమ్మతో కలిసి నమిలిన రొట్టె

రండి, ఇట్లా ఫ్యాను కిందికి జరిగి దగ్గరగా కూర్చోండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీ లాక్కోండి, నా దగ్గర మొహమాటమేమీ అక్కర్లేదు. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి మాటలో తప్పులుంటే మా మనవరాలు దిద్దుతుంది, జ్ఞాపకంలో మాత్రం తప్పు పట్టినవాళ్ళు మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ లేరు. నిన్న సాయంత్రం మా కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి, రాజమండ్రి వైపు వాళ్ళు, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటున్నానని, అది అయ్యాక మళ్ళీ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎట్లా గడుస్తుందో చెప్పమని అడిగింది. మా ఆడబిడ్డకు ఆ ఆపరేషన్ అయిందని కాలనీలో ఎవరో చెప్పారట. ఆమెకు భయం తగ్గడానికి ఎంత కావాలో అంతే చెప్పి పంపాను. మిగిలింది మీకు చెబుతాను, ఎందుకంటే పెట్టడం, తినడం అంటే ఏమిటో మన ఈడువాళ్ళకు తెలిసినంతగా ఆ పిల్లలకు తెలియదు.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, శామీర్‌పేట అవతలి పల్లెకు కోడలైంది. తొంభైల్లో అటువైపు ఎటు చూసినా ద్రాక్షతోటలే కదా, వాళ్ళకూ ఒకటుండేది. పందిరి కింద వంగి గుత్తులు కోసి, గంప నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా ఒక్క ఊపున నడిచొచ్చే మనిషి ఆమె. మేడ్చల్‌లో మా ఇంటికొస్తే కూర్చోమన్నా కూర్చునేది కాదు, బావిలోంచి నాలుగు బిందెలు చేది గానీ కాఫీ తాగేది కాదు. తర్వాత బోర్లు ఎండిపోయాయి, తోట పోయింది, పందిరి రాళ్ళు పీకి అక్కడ ప్లాట్లు చేశారు, ఆమె కిరాణా కొట్టులో కుర్చీలో కూర్చోవడం మొదలైంది. కూర్చున్నకొద్దీ ఒళ్ళొచ్చింది, ఒంటితోపాటు షుగరొచ్చింది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యేసరికి మా గేటు దగ్గర్నుంచి వాకిట్లోకి రావడానికే మధ్యలో ఆగి గోడ పట్టుకునేది. పడుకుంటే ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచి కూర్చునేది. నిద్రపోతే మళ్ళీ లేస్తానో లేదో అన్న భయంతో నిద్రే మానుకున్న మనిషిని చూడడం ఎంత కష్టమో చెప్పలేను. పట్నంలో డాక్టరు చూసి, కడుపును చిన్నది చేసే ఆపరేషన్ ఒకటుంది, అది చేయించుకుంటే మేలన్నాడు.

మా అత్తమ్మ, అంటే ఆమె కన్నతల్లి, మాతోనే ఉండేది. ఆ మాట వినగానే లేచి నిలబడింది.

“మంచిగున్న కడుపును కోయించుకుంటరే ఎవలన్న? జర తక్కువ తింటే సరిపోదా?”

“తక్కువ తిను తక్కువ తిను అనుకుంటనే ఇంకో గరిటె ఏసేది నువ్వే గదా అమ్మా!” అంది మా ఆడబిడ్డ.

ఇంటిల్లిపాదీ నవ్వాం, అత్తమ్మ మాత్రం నవ్వలేదు. గండిమైసమ్మ తల్లికి కోడిని మొక్కుకుని, ఇగ మీ ఇష్టమని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ బాగానే అయింది. తర్వాత ఎక్కడుండాలన్నది పెద్ద చర్చయింది. ఆమె పెనిమిటి, నాకు అన్నయ్య వరస, నన్ను పక్కకు పిలిచి, “మా ఇంట్ల పెట్టేటోల్లే గని ఆపేటోల్లు లేరు చెల్లె, నీ తాననే ఉండనీ,” అన్నాడు. పెట్టేవాళ్ళలో మహారాణి మా ఇంట్లోనే ఉందన్న సంగతి ఆయన మరిచిపోయాడు, ఆ క్షణాన నాకూ తట్టలేదు.

ఆస్పత్రిలో తిండి సంగతి చెప్పే అమ్మాయి ఒకతె ఉండేది, చిన్నపిల్లే గానీ ఓపికగా చెప్పింది. మొదట నీళ్ళలాంటివి, తర్వాత కాస్త చిక్కనివి, ఆ తర్వాత పిల్లలకు మెదిపినట్టు మెదిపినవి, ఆపైన మెత్తనివి, అన్నీ కడుపు ఒప్పుకున్నాకే రొట్టె, కూర. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తాగాలంటే ముందో వెనకో కాసేపు ఆగాలి. నోట్లో పెట్టుకున్నది గంజిలా అయ్యేదాకా నమలాలి. నిండినట్టు అనిపించగానే, ఒక్క మెతుకు మిగిలినా సరే, ఆపేయాలి. నేను తలూపుతూ అన్నీ మనసులో వేసుకున్నాను.

మొదట్లో దగ్గుమందు సీసా మూతతో నీళ్ళు తాగేది. ఆ మూతెడు నీళ్ళే చప్పరిస్తూ చప్పరిస్తూ ఎంతసేపు తాగేదో, మా అత్తమ్మ చూడలేక బయటికి వెళ్ళిపోయేది. తర్వాత పలచని మజ్జిగ, పాత చీర పేలికలో వడకట్టిన పప్పుకట్టు. మా పక్కింటి ముస్లిం పెద్దావిడ, ఖాలా అని పిలిచేవాళ్ళం, వాళ్ళది మా ఊళ్ళో తరతరాలుగా కూరగాయల వ్యాపారం చేసే కుటుంబం, మూడు పూటలు మరగబెట్టిన బొక్కల రసం, అంటే ఎముకల రసం, గుడ్డలో వడగట్టి, పైన తేలిన నూనె కూడా తీసి గిన్నెలో పట్టుకొచ్చేది. “దీంట్ల బొక్క లేదు, నూనె లేదు, ఒట్టి తాకత్ ఉన్నది, తాగు బేటీ,” అనేది. ఆ రోజుల్లో మా ఇంట్లో తాలింపు పెట్టాలంటే భయమేసేది, మా ఆయన తన పళ్ళెం తీసుకుని పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర దొంగలా కూర్చుని తినేవాడు. అంత జాగ్రత్తపడినా మా ఆడబిడ్డ మంచం మీద పడుకునే గాలి పీల్చి, “వదినే, వెనకింటోల్లు తలకాయ కూర వండుతున్నరు, ఉప్పు జర తక్కువైంది,” అనేది. తర్వాత కనుక్కుంటే నిజంగానే తక్కువై ఉండేది!

ఒళ్ళు తగ్గుతోంది, నిద్ర పడుతోంది, మెదిపిన పప్పు, గుడ్డులోని పచ్చసొన, పెరుగు దాకా వచ్చాం. అంతా బాగుందనుకుంటుండగా ఒకరోజు నేను ఖాలా వాళ్ళింటికి వెళ్ళాను. మా ఇంట్లో తల్లీ కూతుళ్ళే ఉన్నారు.

మా అత్తమ్మ సంగతి కాస్త చెప్పాలి. ఆమె చేతి కింద తిన్నవాళ్ళెవరూ ‘చాలు’ అన్న మాట చెల్లించుకోలేకపోయారు. చాలన్నాక పెట్టిందే పెట్టుడని ఆమె లెక్క, అల్లుడైనా సరే, రోడ్డున పోయే గాజులమ్మే మనిషైనా సరే. పళ్ళెం పక్కన చెంబుతో నీళ్ళు లేకుండా ఎవరికీ వడ్డించేది కాదు, అది మనిషిని అవమానించడమనేది. అటువంటి మనిషి అన్ని వారాలు చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ పూట ఉండబట్టలేక మెత్తగా అన్నం వండి, పప్పు, నెయ్యి కలిపి, చిన్నప్పుడు పెట్టినట్టే తాత పేరు చెప్పి ఒక ముద్ద, నాయిన పేరు చెప్పి ఒక ముద్ద పెట్టింది. వారాలుగా అన్నం మొహం చూడని కూతురు, అమ్మ చెయ్యి అంత దగ్గరగా వస్తే వద్దనగలుగుతుందా? నోరు తెరిచింది. ఇంకో ముద్దకు అన్నం గొంతు దిగి ఎదలో ఎక్కడో ఆగిపోయింది. కూతురు గుండె పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, గొంతు పట్టుకుంటే ఎవరైనా చేసే పనే అత్తమ్మా చేసింది, చెంబెత్తి నీళ్ళు పట్టింది. దాంతో ఇంకా బిగుసుకుంది.

నేను వచ్చేసరికి ఆడబిడ్డ గోడకానుకుని ఉంది, నోట్లోంచి చొల్లు ధారగా కారుతోంది, మొహమంతా చెమట. అత్తమ్మ చెంబెత్తి ఇంకా నీళ్ళు పట్టబోతోంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, ఇంకేమీ పట్టకండి, మెల్లగా నడిపించండి, తగ్గకపోతే తీసుకొచ్చేయండి అన్నారు. వాకిట్లో పట్టుకుని నడిపించాను. ఆఖరికి అదంతా బయటికి వచ్చేసి ఊపిరి తిరిగింది.

ప్రాణం తెరిపినపడింది గానీ భయం పోలేదు. మళ్ళీ కొన్నాళ్ళు నీళ్ళలాంటివే తాగి, ఆపైన మెత్తనివి మొదలుపెట్టమన్నారు. మా ఆడబిడ్డ మాత్రం మజ్జిగ, పప్పుకట్టు దగ్గరే ఆగిపోయింది. చెంచాలో మెదిపిన గుడ్డు పెట్టి నోటి దగ్గరికి తీసుకుపోతే పళ్ళు బిగబట్టేది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఇట్లాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్లు పెట్టాల్సి వస్తుందని ఆ తిండి సంగతి చెప్పే అమ్మాయి గట్టిగా చెప్పింది. బతకడానికి చేయించుకున్న ఆపరేషన్ తర్వాత, బువ్వంటే భయంతో మనిషి అట్లా ఎండిపోతుంటే మాకు పాలుపోలేదు. అటు అత్తమ్మ వంటింటి గడపే తొక్కడం మానేసింది. నా చేతులు విరగ, నా చేతులు విరగ అనుకుంటూ వసారాలో కూర్చునేది.

మా అత్తమ్మకు పళ్ళు లేవు. ముందువి రెండు తప్ప అన్నీ ఊడిపోయాయి, పళ్ళసెట్టు కట్టిస్తామంటే చచ్చినా ఒప్పుకోలేదు. జొన్నరొట్టె ముక్కలు పప్పులో నానేసి, చిటికెడు చిటికెడు నోట్లో వేసుకుని చిగుళ్ళతో నలుపుతూ ఉంటే ఒక పూట తిండి సగం పొద్దు పట్టేది. చాలా ఏళ్ళ నుంచీ మేం కోడళ్ళం చాటుగా నవ్వుకున్నదే. ఒకరోజు పొద్దున ఆమె అట్లాగే వసారాలో తింటుంటే, మా ఆడబిడ్డ లోపల్నుంచి గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు తల్లి నోటివంకే చూసింది. చూసి చూసి, తల్లి పళ్ళెంలోంచి వేలిగోరంత నానిన రొట్టె తీసుకుంది.

అత్తమ్మ పళ్ళెం అవతలికి లాగేసుకుంది. “వద్దే బిడ్డా, నీకు దండం పెడత! మల్ల నాతోని గా పాపం చేపియ్యకు.”

“నువ్వు పెడతలేవు గదనే అమ్మా, నేనే తింటున్న. నువ్వు నమిలినట్టే నముల్త. నువ్వు మింగినంకనే మింగుత. నాకు భయమైతే బయటికి ఊంచేస్త, సరేనా?”

“నాకు పండ్లు లేక గిట్ల నముల్తున్న, నీకేం రోగమే?”

“నాకు కడుపు లేదు గదనే!”

ఇన్ని వారాల తర్వాత అత్తమ్మ నవ్వింది. నవ్వి పళ్ళెం మధ్యకు జరిపింది. నేను తలుపు చాటునే ఉండిపోయాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, బొమ్మల్లా దవడలాడిస్తూ కూర్చున్నారు. అత్తమ్మ మింగింది. కాసేపాగి ఆడబిడ్డ కళ్ళు మూసుకుని మింగింది. ఎదమీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసింది. ఏమీ కాలేదు. కళ్ళు తెరిచి, “పోయిందే అమ్మా, కిందికి పోయింది,” అంది.

సాయంత్రం ఫోన్లో చెబితే ఆస్పత్రి అమ్మాయి ముందు చీవాట్లు పెట్టింది, రొట్టె అప్పుడే కాదు, గుడ్డు, పప్పు, పనీరు ముందని. ఆ నమలడం మాత్రం అట్లాగే ఉండనివ్వమంది. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకే పళ్ళెం. మెదిపిన గుడ్డు, మెత్తగా ఉడికిన సొరకాయ, తర్వాత ఇడ్లీ, ఆ తర్వాత చేప, ఏది పెట్టినా అత్తమ్మ నోటి వేగమే వేగం. కూతురు తొందరపడబోతే మోకాలి మీద చిన్నగా తట్టేది. ఏళ్ళ తరబడి చెంబు లేకుండా ముద్ద ముట్టని మనిషి, కూతురికి చూస్తే తాగబుద్ధవుతుందని చెంబు తీసుకెళ్ళి వాకిట్లో అరుగు మీద పెట్టింది. ఎక్కిళ్ళొస్తే లేచి అక్కడిదాకా నడిచి తాగి వచ్చేది.

చలికాలం మొదట్లో ఆడబిడ్డను తీసుకెళ్ళడానికి అన్నయ్య వచ్చాడు. ఆ పూట అసలైన జొన్నరొట్టె, నానబెట్టనిది, పొయ్యి మీద నుంచి తీసింది, పక్కన బీరకాయ కూర పెట్టాను. ఆడబిడ్డ అరచేతంత ముక్క తింది, ఇంకొంచెం ఉండగానే చెయ్యి తీసేసి, “నిండింది,” అంది. మేమందరం అత్తమ్మ చేతివంకే చూశాం. ఆ చెయ్యి అలవాటుగా రొట్టెల గంప వైపు పోయింది, మధ్యలోనే ఆగింది. “నిండిందా? మంచిది బిడ్డా, లే,” అని తనే పళ్ళెం తీసింది. ఆమె ఒక మనిషి ‘చాలు’ మాట నమ్మడం నా కాపురంలో అదే మొదటిసారి చూశాను.

మా ఆడబిడ్డ ఇప్పటికీ శామీర్‌పేట అవతల ఆ పల్లెలోనే హాయిగా ఉంది, మనవల వెంట పరిగెడుతుంది. గాలి ఇటు తిరిగితే జవహర్‌నగర్ చెత్తగుట్ట వాసన వస్తుందని విసుక్కుంటుంది. అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఏ ఫంక్షన్ హాలుకెళ్ళినా ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తినేస్తున్నారు, ఇంట్లో అయితే ఫోను చూస్తూ ఏం తిన్నారో తెలియకుండా లేస్తున్నారు. బలవంతంగా పెట్టేవాళ్ళు లేరు, అది ఒకందుకు మంచిదే. కానీ మనిషి ఒక ముద్ద నమిలి మింగేదాకా ఎదురుగా కూర్చుని, ఆమెతోపాటు తన దవడలూ ఆడించేంత తీరిక ఎవరికుంది? కింది వాటా అమ్మాయికి వాళ్ళమ్మ లేదట. ఆపరేషన్ అయి వచ్చాక పూటపూటా నన్నే వచ్చి పక్కన కూర్చోమంది. కూర్చుంటానన్నాను, నాకూ ఇప్పుడు నాలుగు పళ్ళే మిగిలాయి.

ఇంతసేపు కాళ్ళు తిమ్మిరెక్కేలా కూర్చుని విన్నారు. మీ ఇంట తిన్నది తిన్నట్టు ఒంటబట్టాలి, మీ పిల్లలు ఆకలి తెలిసి తినాలి, నిండింది తెలిసి లేవాలి, మీ పళ్ళెం పక్కన ఎప్పుడూ ఇంకో మనిషి ఉండాలి. చల్లగా ఉండండి.