నాలీ అమ్మోరు

అప్పుడే కొట్టిన కొబ్బరికాయ వాసనకి అందరికీ గుడి గుర్తొస్తుంది, నాకు మురుగు గుర్తొస్తుంది. మొన్న నేను పార్షద్ ఎన్నికకి, అంటే మా వార్డు కౌన్సిలర్ పదవికి, నిలబడుతున్నానని తెలిసి మా గలీ కుర్రాళ్లు ప్రచారం మొదలెట్టడానికి బుట్టెడు కాయలు తెచ్చి గుమ్మంలో దించారు. ఒకడు ఆగలేక అక్కడే ఒకటి కొట్టేశాడు. నీళ్లు గచ్చు మీద పారి తియ్యటి వాసన లేచేసరికి నేను ముఖం చిట్లించి వెనక్కి జరిగాను. 'శుభమా అని కాయ కొడితే ఆ ముఖమేంటన్నా, ఇప్పుడే ఓడిపోయినట్టు' అని వాళ్లు నవ్వారు. ఎప్పుడూ నలుగురిని నవ్విస్తూ తిరిగేవాణ్ణి కాబట్టి నేనూ నవ్వాను. ఆ వాసన సంగతి మాత్రం వాళ్లకి చెప్పలేదు, ఇక్కడ చెబుతాను.

రాయ్‌పూర్‌లో మాది గుఢియారీ, రైలు పట్టాలకి ఆనుకుని పల్లంలో పడుకున్న ఒక సన్నని గలీ. శ్రీకాకుళం నుంచి వచ్చి వ్యాగన్ల వర్క్‌షాపులో పర్మనెంటైనవాళ్లు డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్లు, మా నాన్నలా కాంట్రాక్టరు కింద ఇనుము మోసినవాళ్లు ఈ పల్లంలో ఉండేవాళ్లు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఎండాకాలం పొద్దున్నే మా ఇంట్లో ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిని, పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ల గుమ్మంలో వాలి అదే చద్దన్నాన్ని బాసీ అన్న పేరుతో ఇంకో గిన్నెడు లాగించి, రెండూ వేరు వేరు రుచులని ఇద్దరు తల్లుల దగ్గరా ప్రమాణం చేసేవాణ్ణి. బొంగరాన్ని వాళ్లు భౌంరా అనేవాళ్లు, మేము బొంగరమే అనేవాళ్లం, ఓడిపోయాక తిట్టుకోవడానికి మాత్రం అందరికీ హిందీయే సరిపోయేది.

వాన పడితే ఆట మారేది. బజారు వీధుల నీళ్లన్నీ, కూరగాయల తొక్కులతో, మిఠాయి దుకాణాల నూనె జిడ్డుతో, ఇంకా పేరు పెట్టి రాయలేని వాటితో కలిసి మా గలీలోకే దిగేవి, ఎందుకంటే వాటికి పోవడానికి ఒక నాలీ, అంటే మురుగు కాలువ, ఎవరూ కట్టలేదు. అమ్మ బియ్యం డబ్బాని దూలానికి కట్టేది. మేం మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేడి వేడి బజ్జీలు తింటూ, కింద ఎవరి చెప్పు ఎవరింటికి కాపరానికి వెళుతుందో చూసేవాళ్లం. నా లెక్కల పుస్తకం నాకంటే ముందు ఈత నేర్చుకుంది.

ఒక ఎన్నికల ముందు బ్యాండుమేళంతో అప్పటి పార్షద్ వచ్చాడు. గలీ మొగలో నల్లరాతి పలక పాతించాడు, పక్కా నాలీకి భూమిపూజ అని దాని మీద హిందీలో చెక్కించాడు, అంతకంటే పెద్ద అక్షరాల్లో తన పేరు చెక్కించాడు. పసుపు, కుంకుమ, బంతిదండ, కొబ్బరికాయ, పిల్లలకి లడ్డూ. తరవాత బ్యాండు వెళ్లిపోయింది, పార్షద్ వెళ్లిపోయాడు, పలుగూ పారా రానేలేదు.

ఆ శుక్రవారం మా పైడమ్మ పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, బజారు నుంచి వస్తూ వాడిన దండతో, వెలిసిన బొట్టుతో ఆ రాయిని చూసి ఆగిపోయింది. ఆవిడకి హిందీ చదవడం రాదు. 'ఒలే, బొట్టెట్టినోళ్లు బొట్టెట్టేసి ఎలిపోనారు. అమ్మోరికి దీపమెట్టే దిక్కే నేదేటే?' అని అమ్మని కేకేసి, ఇద్దరూ కలిసి రాయి కడిగి పసుపు రాశారు. మావాళ్లకి రాయికి పసుపు అంటితే చాలు, ఇంక ఏ ఆఫీసరు సంతకమూ అక్కర్లేదు. ఆషాఢం వచ్చేసరికి ఆడవాళ్లు తలల మీద ఘటాలెత్తుకుని ఆ రాయి చుట్టూ తిరిగారు, మాకు చలివిడి, వడపప్పు, బెల్లం పానకం దొరికాయి, ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు కూడా నారికేళాలు తెచ్చారు, నాలీ అమ్మోరు అని పేరు స్థిరపడింది. తరవాతి ఎన్నికల ముందు అదే పార్షద్ వచ్చి అక్కడే ఇంకో కాయ కొట్టి, తను పాతించిన రాయికి తనే చీర పెట్టి దండం పెట్టుకుని పోయాడు. అమ్మోరు ఎదిగింది, నాలీ ఎదగలేదు.

నేను ఎనిమిదిలో ఉన్న వానాకాలం గలీలో ఇంటింటికీ కామెర్లు వచ్చాయి. తాగే పంపులో మురుగు కలిసిందని అందరికీ ముక్కుతోనే తెలిసింది. అమ్మ కళ్లు పసుపు ముద్దలయ్యాయి. నడుం లోతు నీళ్లలోకి ఆటో రానంది, నాన్నా పక్కింటివాళ్లూ మంచాన్ని భుజాలకెత్తుకుని ఆ నీళ్లలోనే నడిచారు. పెద్దమ్మ ఆ రాయి దగ్గర ఆగి అమ్మ నుదుట పసుపు అద్దింది, ఆ పసుపు ముఖం మీద అది కనబడనే లేదు. మంచం తిరిగొచ్చింది, అమ్మ రాలేదు.

పెద్దకర్మ రోజున పార్షద్ పరామర్శకి వచ్చాడు. ముక్కుకి రుమాలు, తెల్ల కుర్తా. మేమిచ్చిన నీళ్లు ముట్టకుండా తన మనిషి తెచ్చిన సీసా నీళ్లు తాగాడు. నేను గుండు తలతో ఎదురెళ్లి నిలబడి, 'నాలీ కబ్ బనేగీ?' అని, నాలీ ఎప్పుడు కడతారని అడిగాను. ఆయన రాయి వైపు చెయ్యి చూపించి తియ్యగా నవ్వాడు. 'కైసే ఖోదేఁ బేటా? వహాఁ తో తుమ్హారీ మాతాజీ బైఠీ హైఁ.' మీ అమ్మవారే అక్కడ కూర్చుంటే మేమెలా తవ్వేది అని. వెనకున్నవాళ్లు కూడా నవ్వారు. అమ్మ పోయిన ఇంట్లో నవ్వారు. ఆ నవ్వు ఈ రోజుకీ నా చెవిలోనే ఉంది, నేను వేసే జోకులన్నీ దాన్ని అణచడానికే.

పెద్దమ్మ ఏడవలేదు. 'పిలిసినోళ్లమే అంపేద్దారి' అంది. మా వైపు జాతర చివర అమ్మవారిని ఊరి పొలిమేర దాటించి సాగనంపుతారు, దాన్ని అనుపు అంటారు. ఆడవాళ్లు డప్పుతో, పసుపు నీళ్లతో ఆ రాయికి అనుపు చేశారు. అమ్మోరిని ఘటంలోకి పిలిచి, టెంపో ఎక్కించి, ఖారూన్ నదిలో వదిలి వచ్చారు. మిగిలింది ఉత్త రాయి. పెద్దమ్మ దాన్ని గునపంతో పెళ్లగించి, నన్నో కొస పట్టుకోమని, తన పెరట్లోకి దొర్లించింది. 'ఇప్పుడు తవ్వమను, సూద్దాం.'

తవ్వలేదు. మాతాజీ వెళ్లిపోయాక ఫైలు వచ్చి కూర్చుంది, ఫైలు లేచాక టెండరు కూర్చుంది. నేను బడి మానేసి సైకిల్ షాపులో పంక్చర్లు వేశాను. పెద్దయ్యాక ప్రతి వైశాఖంలో కుర్రాళ్లని పోగేసి గలీలో పూడిక తీశాను, ముసలివాళ్లని వీపు మీద మోసి గట్టు మీదికి చేర్చాను, పంపు నీళ్లు సీసాలో పట్టి ఆఫీసు బల్లల మీద పెట్టాను. పార్షద్‌లు మారారు, సీసా చూసి ముఖం తిప్పుకోవడం మాత్రం మారలేదు. కిందటి వానాకాలం మా పక్కింటి చంటిపిల్లకి కామెర్లు వచ్చి బతికి బయటపడితే, మళ్లీ సీసా పట్టుకెళ్లాను. ఇప్పటి పార్షద్ చూసి, 'బఢియా మజాక్ కర్తా హై తూ' అని నా భుజం తట్టాడు. భలే జోకులేస్తావని. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు మీద నాకే అసహ్యం వేసింది. వాళ్ల గుమ్మంలో ఇంక నవ్వను, ఆ కుర్చీలోనే కూర్చుని తవ్విస్తాను అనుకున్నది ఆ సాయంత్రమే.

కొబ్బరి బుట్ట చూసి పెద్దమ్మ కర్ర ఊపుకుంటూ వచ్చింది. 'ఒరే గుంటల్లారా, కాయలట్టుకెళ్లి పచ్చడి సేసుకోండి. ఈడు కాయ కొడితే నానే ఈడికి ఓటెయ్యను. గునపం తెండి.' ప్రచారానికి గునపం భుజాన వేసుకునే తిరుగుతున్నాను. జనం నవ్వుతున్నారు, తలుపులు మాత్రం తీస్తున్నారు.

బాసీ గిన్నె చాపిన పక్కింటావిడ లేదు, ఘటాలెత్తిన తలల్లో సగం లేవు, బొంగరాలాడిన జాగాలో మోటారుసైకిళ్లు నిలబడ్డాయి, దూలానికి డబ్బా కట్టిన చేతులు లేవు. ఆ పలక మాత్రం పెద్దమ్మ పెరట్లో బట్టలుతికే బండగా ఉంది. ఆవిడ చేతులకి సత్తువ తగ్గింది కాబట్టి ఇప్పుడు నేనే ఉతుకుతున్నాను. ప్రచారం చొక్కాని రోజూ దాని మీదే బాదుతున్నాను. ఇన్నేళ్ల దెబ్బలకి పార్షద్ పేరు అరిగి నున్నగా అయిపోయింది. నాలీ అన్న మాట మాత్రం ఇంకా చదవొచ్చు.