నార్సింగి కవర్లో జీడిమెట్ల ఆకులు

ఈ బరువు ఎన్నో ఏళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. అలాగని మిమ్మల్ని నమ్మానని కాదు. చదివి ఎవరి చెవిన వేస్తారో అని ఇప్పుడూ అనుమానమే. నా బుద్ధే అంత. ఆ బుద్ధి వల్లే ఒక మనిషి చదువు మట్టిలో కలిసింది.

డెబ్బైల్లో నేను హైదరాబాదులో ఒక కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో అటెండర్ని. శారద గారని, కోస్తా నుంచి వచ్చినావిడ, అక్కడ పరిశోధన చేసేది. జీడిమెట్ల వైపు ఒక ఆసిడ్ ఫ్యాక్టరీ గోధుమరంగు పొగ వదిలేది. ఆ పొగ తగిలిన ఆకు కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుపోయి ఆకును లోలోపలే కాల్చేస్తుందని ఆమె ఊహ. అది తేలాలంటే పొగ తగలని ఆకులూ కావాలి. అందుకని జీడిమెట్లలో ఒక రైతుకు, ఆ పొగ చేరనంత దూరంలో ఉన్న నార్సింగిలో ఇంకో రైతుకు ఒకే టమాటా విత్తనం ఇచ్చింది. వారానికోసారి రెండు చోట్లా ఆకులు కోసి, వేరే వేరే కవర్లలో, ఐసు ముక్కలు వేసిన పెట్టెలో పెట్టి తేవడం నా పని. సైకిల్ మీద.

మొదట్లో నిజాయితీగానే తెచ్చాను. జీడిమెట్ల ఆకుల్లో పెరాక్సైడ్ బాగా ఎక్కువ, నార్సింగి ఆకుల్లో చాలా తక్కువ. ఆమె సంతోషం చూస్తే నాకు కడుపుమంట. స్థానికులు, స్థానికేతరులు అని ఊరంతా రెండుగా చీలిన రోజులవి. మా ఉద్యోగాలు తన్నుకుపోవడానికి వచ్చిన వాళ్లలో ఈమె ఒకతె అనుకునేవాణ్ణి. నన్ను ‘అండి’ అంటే అందులోనూ ఎకసెక్కం వెతికేవాణ్ణి. ఎండాకాలం వచ్చేసరికి, నా చేత చాకిరీ చేయించడానికే ఈ నార్సింగి పెట్టిందని తేల్చుకున్నాను. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి జీడిమెట్ల తోటలోనే రెండు కవర్లూ నింపి, ఒకదాని మీద నార్సింగి అని రాసేవాణ్ణి. ఆకు ఆకే కదా, ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

రెండు కవర్లలోనూ పెరాక్సైడ్ ఒకేలా వచ్చింది. మళ్లీ చేసినా అంతే. ఇప్పుడు తేడా లేదంటే మొదటి అంకెలు ఇంట్లో కూర్చుని రాసుకున్నవేనా అని, ఆమె పరిశోధన చూసే గైడు సారు ఆమెను అందరి ముందూ అడిగాడు.

ఆ మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది.

“ఏమీ అనుకోకండి. నార్సింగి ఆకులు నార్సింగి నుంచే తెస్తున్నారు కదండీ?”

చెప్పేయాల్సింది. ఉద్యోగం పోతుందని భయం, ఈమె ముందు తల దించుకోవాలా అని కోపం. రెండింటిలో ఏది నా నోరు తెరిపించిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

“ఏంది మేడమ్, గిట్ల అడుగుతున్నరు? ఎండల గంత దూరం తొక్కి తెస్తే దొంగోని లెక్క చూస్తున్నరా? మేం ఈడోళ్లమని గదా?”

“అయ్యో, నా ఉద్దేశం అది కాదండి. క్షమించండి” అంది. చేతులు కూడా జోడించింది.

గెలిచాననుకున్నాను. సాయంత్రం నేను పరీక్షనాళికలు కడుగుతుంటే, పక్క గదిలో సారు ఆమెను అడగడం వినిపించింది, ఆకులు తెచ్చేవాడి మీద ఏమైనా అనుమానమా అని.

“లేదండి. ఆయన అబద్ధమాడే మనిషి కాదండి. తప్పు నా చేతిలోనే జరిగుంటుంది.”

నా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. పక్క గదికి పది అడుగుల దూరం కూడా లేదు. వెళ్లలేదు. తప్పు తనదేనన్న ఆ మాటతో ఆమె పరిశోధన ఆగిపోయింది. నెల తిరక్కుండానే ఊరు వెళ్లిపోయింది.

తర్వాత ఆమె కోసం వాకబు చేశానని రాయబోయి ఆగాను. చేయలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ మాట అనాల్సిన వాణ్ణి నేనైతే, ఆమె చేత అనిపించుకున్నాను. ఆమె మొదటి అంకెలు నిజమైనవి. ఆ ఆకులు నేనే కోసి తెచ్చాను, నాకు తెలుసు. తర్వాతి ఆకుల కోసం నేను నార్సింగి వెళ్లనే లేదు. ఇన్నేళ్లకు ఈ ముక్క కాగితం మీద పెట్టాను, కాస్త ఊపిరాడుతోంది.