పక్క సెక్షన్ టీచరమ్మ

ఆ అమ్మాయి మా స్కూల్లో టీచరుగా చేరిన మొదటి వారంలోనే తనంటే నాకు పడకుండా పోయింది. కారణం చెప్పమంటే అప్పుడైతే వంద చెప్పేదాన్ని. అసలు కారణం ఒక్కటే. పిల్లలు తన దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్ళేవాళ్ళు, నా దగ్గరికి పిలిస్తే వచ్చేవాళ్ళు.

కడియం దగ్గర మా స్కూలు. పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు నర్సరీ తోటల్లో పనికి వెళ్ళేవాళ్ళే. పద్దెనిమిదేళ్ళుగా యూకేజీ ఏ సెక్షన్ నాది. పలక పట్టుకోవడం రాని వాడిచేత కూడా దసరా సెలవుల్లోపు అఆలు రాయించేదాన్ని. బి సెక్షన్‌కి వచ్చిన ఈ అమ్మాయి మాత్రం పొద్దున్నే పుస్తకాలు తీయించదు. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, తనూ కిందే చతికిలబడి, "ఇవాళ మనసెలా ఉంది నాన్నా?" అని ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఒకడు కుక్కపిల్ల తప్పిపోయిందంటాడు. ఇంకొకతె అమ్మ చెల్లినే ఎత్తుకుంటోందంటుంది. అరగంట అలాగే గడిచిపోతుంది. గోడకి ఇవతల నుంచి వింటూ, "ఇది బడా, పేరంటమా?" అని ఆయాతో అనేదాన్ని.

హెడ్‌మిస్ట్రెస్‌గారికి మాత్రం అది తెగ నచ్చేసింది. "కోపం వస్తే ఏం చెయ్యాలో తెలియని పిల్లాడికి ఏబీసీడీలు వచ్చి ఏం లాభమండి?" అని స్టాఫ్ మీటింగ్‌లో ఆ అమ్మాయి అంటే, ఆవిడ తలూపారు. కొత్తొక వింత, పాతొక రోత. నేను మాట్లాడినప్పుడు ఆవిడ అలా తలూపడం ఏనాడూ చూడలేదు. కడుపు మండిపోయింది. "నేనూ ముగ్గురు పిల్లల్ని పెంచానండి, ఎవరి మనసూ అడగలేదు, బాగానే ఉన్నారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో రెండు సెక్షన్లూ ఈ మనసు అడిగే ముచ్చట చేసి చూపించాలన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. "కావాలంటే ఒకరోజు వచ్చి మీ పిల్లలతో కూర్చుంటానండి" అంది ఆ అమ్మాయి.

"అక్కర్లేదమ్మా. ఇన్నేళ్ళు రైములు నేర్పినదాన్ని, ఇదో లెక్కా?" అన్నాను.

అన్నట్టే, రైము నేర్పినట్టే నేర్పాను. "మనసెలా ఉంది?" అని నేను అడగగానే అందరూ చేతులు కట్టుకుని, "ఐ యామ్ హ్యాపీ టీచర్!" అనాలి. గొంతు కలపని వాళ్ళచేత నిలబెట్టి మళ్ళీ చెప్పించాను. వారం రోజులు అదే పని.

ఆ శనివారం ముందు బి సెక్షన్ వంతు. ఒకడు నోరే విప్పలేదు. ఇంకొకడు, "నాన్న మీద కోపంగా ఉంది, ఎప్పుడూ ఫోనే చూస్తాడు" అనేశాడు. వాళ్ళ నాన్న తల దించుకున్నాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత నా పిల్లలు. ముప్పై మంది ఒక్క గొంతుతో పలికారు. చప్పట్లు మోగిపోయాయి. "డిసిప్లిన్ అంటే అదండి" అని ఎవరో అన్నారు. నేను ఆ అమ్మాయి మొహం కేసి చూశాను. తనూ చప్పట్లు కొడుతోంది. అదీ నాకు కిట్టలేదు.

అప్పుడు కనబడింది రెండో వరసలో మా సెక్షన్ పాప ఒకతె. చేతులు కట్టుకునే ఉంది, చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. దగ్గరికెళ్ళి వంగి, "ఏమైందమ్మా?" అన్నాను. తప్పు చెప్పాననుకుందేమో, బిక్కమొహం వేసుకుని, "ఐ యామ్ హ్యాపీ టీచర్" అంది, ఇందాకటి కంటే గట్టిగా.

వాళ్ళ అమ్మమ్మ గబగబా వచ్చింది. "వాళ్ళమ్మ కువైట్ వెళ్ళి నాలుగు రోజులైందండి. ఇంటి దగ్గర ఒకటే ఏడుపండి. బళ్ళో బాగానే ఉంటోంది కదాని మీకు చెప్పలేదండి" అంది.

బాగానే ఉంటోంది. ఆ నాలుగు రోజులూ దానిచేత రోజుకి పదిసార్లు హ్యాపీ అనిపించాను.

ఎత్తుకుందామని చేతులు చాచాను. పాప నా పక్కనుంచి తప్పుకుని, గది ఆ చివర తన పిల్లలతో కింద కూర్చుని ఉన్న ఆ అమ్మాయి దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు, ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు బావురుమంది పాప, గది గదంతా వినబడేలా.

నాకు సిగ్గేసింది. కానీ అబద్ధం ఎందుకు, సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. ఆ పిల్ల నా క్లాసు పిల్ల. ఆ ఏడుపు నా ఒళ్ళో ఏడవాల్సింది.