సెల్వానికి నేను చెప్పిన తెలుగు అర్థం

మేం అభిమానులం నలుగురం టీకొట్టు దగ్గర చేరితే చాలు, ‘రబ్బరుపాలు’ బృందం ఏటేటా మలేసియాలోని మా సుంగై సిపుట్ మైదానంలో జరిపే శని, ఆదివారాల పాటల పండగ గురించే కబుర్లు. ఒకడు గిటారును తలుచుకుంటాడు, ఇంకొకడు వానను. ఆఖరికి అందరూ నావైపు తిరిగి నవ్వుతారు. ఎందుకో చెబుతాను. చేతిలో టీ ఉంటే ముందు కింద పెట్టండి. పొలమారితే నా పూచీ లేదు.

ఆ బృందానికి తమిళ పాటలు బోలెడు, తెలుగు పాట ఒక్కటే. ‘నల్లని పిల్లా, నిగనిగల పిల్లా, ఈనేదెప్పుడే?’ అది మొదలైతే మైదానమంతా ఫోన్లు వెలిగించి కళ్ళు తుడుచుకునేది. అర్థం ఎవడికి కావాలి! మా గుంపులో తెలుగింటివాణ్ణి నేనొక్కణ్ణే. చెట్టు లేని చోట ఆముదం మహావృక్షం. తెలుగు లేని చోట నేను మహాపండితుణ్ణి.

ఒక ఏడు నా స్నేహితుడు సెల్వం తమిళంలో అడిగాడు: “డేయ్, ‘ఈనేదెప్పుడే’ అంటే?”

నాకు తెలియదు. ఆ ముక్క అనడానికి నోరు రాలేదు. “వినేదెప్పుడే అని. పాటలో ‘వి’ మింగేస్తారు. నా మనసు మాట ఎప్పుడు వింటావే అని ప్రియుడి గోడు.”

“ఖాయమేనా?”

“మా ఇంట్లో తెలుగే లా!” అన్నాను, మా మలేసియా ‘లా’ ఒకటి తగిలించి.

మా ఇంట్లో తెలుగంటే ‘అన్నం తిన్నావా’, ‘తలుపెయ్యి’. అంతే.

సెల్వం ప్రేమించిన కవిత తెలుగమ్మాయి. వాళ్ళ అమ్మమ్మ ఒప్పుకుంటేనే పెళ్ళి. ముసలమ్మ మురిసిపోవాలని తెలుగులోనే అడుగుదామనుకున్నాడు పాపం. శనివారం పాటలింకా మొదలవలేదు. అమ్మమ్మ చాప మీద మురుకులు నములుతోంది. సెల్వం కవిత ముందు బురదలో మోకరిల్లాడు.

“కవితా! నువ్వు ఈనేదెప్పుడే?”

అమ్మమ్మ నోట్లో మురుకు ఆగిపోయింది. “ఏటీ? పెళ్ళి సెయ్యకుండానే నా మనవరాల్ని ఈనమంటావేటిరా?”

వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మెచ్చుకుందనుకుని, గుండె మీద చెయ్యేసుకుని, ఇంకా తియ్యగా అడిగాడు: “ఈనేదెప్పుడే?”

అమ్మమ్మ చేతిలో గొడుగు లేచింది. నేను అడ్డం పడ్డాను. “అమ్మమ్మా, అది ప్రేమపాట!”

“ప్రేమేటిరా! సూడి గేదె ఎప్పుడు ఈనుతాదో, జున్ను ఎప్పుడు తిందుమో అని పాడుకునే పాటది. మా అమ్మ పాడినాది. ఈడికి ఎవుడు సెప్పినాడు?”

ఇందుకు మాత్రం సెల్వానికి ఏ భాషా అక్కర్లేకపోయింది. వేలు సూటిగా నావైపు చూపించాడు. గొడుగు దారి మార్చుకుంది.

కవిత నవ్వి నవ్వి బురదలోనే కూలబడింది. ఊపిరి తిరిగాక సెల్వంతో తమిళంలో అంది: “పెళ్ళయ్యాక అడుగు, చెబుతాను.”

అమ్మమ్మ అది విని, గొడుగు దించి, వాడి చేతిలో ఒక మురుకు పెట్టింది. నాకు పెట్టలేదు.

ఆ సాయంత్రం పాట మొదలైంది. ఎప్పటిలాగే మైదానమంతా ఒక గేదె కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. నేను మటుకు వాచిన వీపుతో నిలబడి ప్రతిన పట్టాను: అక్షరమాల సాక్షిగా, తెలియని తెలుగు మాటకు ఈ జన్మలో అర్థం చెప్పను. తెలిసినవి అయిదారున్నాయి, కావాలంటే అవి అడగండి.