అంగడి బజారు అరుగు మీద లెక్క

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. చిన్నతనంలో భయపడినట్టు కూడా గుర్తు లేదు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పాను. జరిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని పిల్లలకు చెప్పాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. ఈ ఒక్క విషయంలో ఆ కారణం నాకు దొరకలేదు.

మా వదిన పోయి మూడు నెలలైంది. ఆమె ఉండగా ఇది ఎవరికీ చెప్పలేదు.

మాది నకిరేకల్. నేత కుటుంబం. నాయిన తర్వాత మగ్గం అన్న చేతికి వచ్చింది, నేను చదువుకుని బడిపంతులునయ్యాను. అన్న పేరు రాములు. ఎడమచేతి వాటం మనిషి. అరవయ్యో దశకంలో, నాకు ఉద్యోగం వచ్చిన కొన్నేళ్లకు, ఆయనకు దగ్గు పట్టుకుంది. ఇక మగ్గం గుంటలో దిగవద్దని దవాఖానలో చెప్పారు. ఇంట్లో వదిన, ఇద్దరు ఆడపిల్లలు. అన్నకు వేరే పని తెలియదు.

ఆ రోజుల్లోనే ఒక కుట్టుమిషన్ల కంపెనీ మా ఊరికి ఒక ఏజెన్సీ ఇస్తామని పత్రికలో వేసింది. నేను దరఖాస్తు రాశాను. హైదరాబాద్ నుంచి కంపెనీ మనిషి వచ్చి మమ్మల్ని చూసి, షరతులు చెప్పి వెళ్లాడు. దుకాణం ఎక్కడ పెట్టాలో మేమే రెండు జాగాలు చూడాలి. ఒక్కో జాగా ముందు నుంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎందరు నడుస్తారో ఆరు రోజులు లెక్కపెట్టి, ఏది మంచిదో రాసి పంపాలి. ఒకసారి రాసిన జాగా మార్చడానికి వీల్లేదు. ఏడాదిలోగా అమ్మకాలు లేకపోతే ఏజెన్సీ ఇంకొకరికి పోతుంది.

రెండు మడిగెలు కిరాయికి ఉన్నాయి. ఒకటి పెద్దరోడ్డు మీద, బస్సులు ఆగే చోట. ఇంకొకటి అంగడి బజారులో, పిండిగిర్ని ఎదురుగా. దాని ముందు ఒక అరుగు ఉంది. నాకు రోడ్డు మీదిదే నచ్చింది. అన్న ఒప్పుకోలేదు.

“మోటరు దిగినోడు మూట నెత్తిన వెట్టుకొని ఇంటి తొవ్వ పడ్తడురా. వానికి మిషనెందుకు? గిర్ని కాడికి ఆడోళ్లొస్తరు. గింజలు పట్టేదాంక నిలవడ్తరు. ఏం జేస్తరు అప్పటిదాంక? మన దిక్కే జూస్తరు,” అన్నాడు.

“కంపెనీకి కావలసింది తలల లెక్క,” అన్నాను.

“అయితె నువ్వు ఆడ కూసో, నేను ఈడ కూసుంట. పోగులు లెక్కవెట్టెటోనికి మనుషులొక లెక్కనా? పోగులకన్న నయం, ఊదితె ఎగిరిపోరు.”

ఎండాకాలం సెలవులు. వారపు అంగడి అయ్యాక ఒక రోజు ఆగి ఇద్దరం మొదలుపెట్టాం. నేను రోడ్డు మీద నోటుబుక్కులో గీతలు గీసేవాణ్ని. నూరు కాగానే ఒక సున్న చుట్టేవాణ్ని. అన్న అరుగు మీద కూర్చుని, ఒక నూలుపోగును కాలి బొటనవేలికి తగిలించుకుని, దానికి ముళ్లు వేసేవాడు. సాయంత్రం ఆ పోగును తెచ్చి దూలానికున్న మేకుకు తగిలించేవాడు. ఆ రోజుకు ఎన్ని ముళ్లు పడ్డాయని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఐదు రోజులు అట్లా గడిచాయి. ఆరో రోజు అంగడి. దానికి ముందు రాత్రి ఆయన రక్తం కక్కాడు. తెల్లవారేసరికి పోయాడు. ఆ అంగడి రోజును ఇద్దరిలో ఎవరమూ లెక్కపెట్టలేదు.

ఆ తర్వాతి రోజుల గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వచ్చినవాళ్లు కూర్చున్నారు, లేచి వెళ్లారు. నేను అన్నం తిన్నాను, పడుకున్నాను. ఏడుపు రాలేదు. వదిన కూడా ఎక్కువ ఏడవలేదు. ఒక్కసారి మాత్రం, “ఆ మిషన్ల ముచ్చట ఏమాయె? నాకిస్తరా వాళ్లు? నేర్సుకుంట నేను,” అంది.

ఇస్తారని చెప్పాను. కంపెనీ గడువు దగ్గర పడుతోంది.

ఏడో రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నప్పుడు నేను ఐదు పోగులనూ దించి ముళ్లు లెక్కపెట్టాను. ఒక్కో రోజుకు ఇంచుమించు ఎనిమిది. ముడికి నూరు చొప్పున ఎనిమిది వందలు. రోడ్డు మీద నా లెక్క తొమ్మిది వందలకు దగ్గరగా ఉంది. తేడా స్పష్టంగానే ఉంది. రోడ్డు మీది జాగాయే మంచిదని, అంగడి రోజు లెక్క ఫలానా కారణం చేత లేదని ఉత్తరం రాసి, మడిచి నా పుస్తకాల పెట్టెలో పెట్టాను. ఎవరికీ చూపలేదు. చెప్పలేదు కూడా. వదినకు చదువు రాదు.

మరునాడు మళ్లీ అంగడి. నేను గడప దాటలేదు.

దినాలన్నీ అయ్యాక, పదమూడో రోజు పొద్దున ఉత్తరం జేబులో పెట్టుకుని తపాలా కచేరికి బయలుదేరాను. దారిలో అంగడి బజారు మడిగె యజమానికి, మాకు ఆ గది అక్కర్లేదని చెప్పాలనుకున్నాను. ఆయన ఇంట్లో లేడు. మడిగె ముందరి అరుగు మీద గాజుల మలారం ముందు పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమెను నేను అంతకుముందు చూడలేదు. ఎవరి కోసం చూస్తున్నావని అడిగితే చెప్పాను.

“నువ్వు బడిపంతులువా బిడ్డా?” అంది.

అవునన్నాను.

“మీ అన్నొక మాట జెప్పిండు. మా తమ్ముడొస్తడు, జర జెప్పు అన్నడు. ముడికి నూరు గాదట, నూటిరవై అట. వాడు పంతులు, నూరనుకుంటడు అన్నడు. చెప్పి నవ్విండు.”

ఎప్పుడు చెప్పాడని అడిగాను.

“మొన్న అంగడినాడు. పొద్దుగూకేదాంక ఈన్నే కూసుండె. కాలికి పోగు దగిలిచ్చుకొని, ఎడమచేత్తోటి ముళ్లేసుకుంట. గింత జరుగయ్యా, నా మలారానికి జాగియ్యి అంటె జరిగిండు. మంచోడే.”

నేత తెలియని వారి కోసం ఒక మాట చెప్పాలి. మా వాళ్లు పడుగు పోగులను నూరేసి లెక్కపెట్టరు. నూట ఇరవై పోగులు ఒక పుంజం. అన్న పుంజానికొక ముడి వేశాడు. ఆయనకు ఇంకో రకంగా లెక్కపెట్టడం రాదు. నేను ఆ ఇంట్లోనే పుట్టి, పుంజం అన్న మాట వింటూ పెరిగి కూడా, నూరు అనుకున్నాను.

ఎనిమిది పుంజాలంటే తొమ్మిది వందల అరవై. రోడ్డు కన్నా ఎక్కువ.

అంగడినాడు ఎన్ని ముళ్లు వేశాడని ఆమెను అడిగాను. ఇరవై రెండు అని చెప్పాడంది. నేను నోటుబుక్కు తీసి రాసుకున్నాను. ఆయన పోయాడని ఆమెకు చెప్పలేదు. ఉత్తరం చించేశాను.

తర్వాత విచారించాను. గాజులామెది పక్క ఊరు. కూతురి కాన్పుకని మక్తల్ వైపు వెళ్లి నెలకు పైగా అక్కడే ఉండి, ఆ అంగడి రోజు పొద్దుననే తిరిగి వచ్చింది. అన్న అరుగు మీద లెక్కపెట్టిన ఐదు రోజులూ ఆమె ఊళ్లో లేదు. పిండిగిర్ని అతనికి అన్న బాగా తెలుసు, పాడె కూడా మోశాడు. అంగడినాడు అరుగు మీద గాజులామె తప్ప ఎవరూ లేరని అతను ఖచ్చితంగా చెప్పాడు. “ఉంటె నేను జూడనా సారూ?” అన్నాడు. నిజమే. అతని తూకం బల్ల సరిగ్గా అరుగుకు ఎదురుగా ఉంటుంది.

ఎవరైనా నేతవాళ్లు ఆమెకు చెప్పి ఉండవచ్చు అనుకున్నాను. కానీ ముడికి నూరని నేను లెక్క వేసుకున్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు. లోలోపల నాకే అనుమానం ఉండి, ఆమె ఇంకేదో అంటే అట్లా విన్నానా అని కూడా ఆలోచించాను. కానీ నోటుబుక్కులో ఆ పూట రాసుకున్న ఇరవై రెండు అన్న అంకె ఉంది.

ఆ వారం అంగడికి నేనే వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. పుంజాల్లోనే లెక్కపెట్టాను. ఇరవై ఒకటి దాటింది, ఇరవై రెండు నిండలేదు. నేను రాసి పంపింది నేను లెక్కపెట్టిన అంకెనే.

కంపెనీ అంగడి బజారుకు ఒప్పుకుంది. ఏజెన్సీ వదిన పేరున వచ్చింది. ఆమె నెలరోజుల్లో మిషను నేర్చుకుంది. గింజలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు అరుగెక్కి ఆమె కుట్టడం చూసేవాళ్లు. మొదటి ఏడాదే కంపెనీ అడిగినన్ని మిషన్లు అమ్ముడుపోయాయి. ఇద్దరు పిల్లలూ ఆ మడిగెలోనే పెరిగారు. రోడ్డు మీది గదిలో ఆ తర్వాత మూడు దుకాణాలు పెట్టి మూశారు. అది దేనికీ రుజువు కాదని నాకు తెలుసు.

వదినతో చాలాసార్లు చెప్పబోయి ఆగిపోయాను. చెబితే ఆమె రోజంతా ఆ అరుగు వైపే చూస్తూ కూర్చుంటుందేమోనని భయం వేసింది. చెప్పకపోవడం తప్పేమో తెలియదు.

గాజులామె మరో రెండేళ్లు ఆ బజారుకు వచ్చింది. వారానికోసారైనా కనిపించేది. ఆమెను ఇంకేమైనా అడగడానికి నాకు ఎంతో సమయం ఉండింది. ఆ రోజు నాకు కావలసింది ముళ్లెన్ని అన్నదే, అదే అడిగాను. ఆయన ఎట్లా ఉన్నాడని అడగలేదు.