దెయ్యాలాయనకు తోడు

మా వారపత్రికలో దెయ్యాల సీరియల్ రాసే ఆయనకు తన సీరియల్ తను చదువుకోవాలంటే భయం.

రాయడానికి మాత్రం భయం లేదు. మంచుకొండ మీద మూసేసిన ఆసుపత్రి, పడవలు మానేసిన దీవిలో ఒంటి గది, నలభై మైళ్లు నరమానవుడు లేని గని. అలాంటి చోట్లకు పాత్రల్ని తోలి, వెనక్కి వచ్చే దారి మూసేసి, తాపీగా టీ తాగేవారు. ఒక్క గాలి చప్పుడుతో మూడు వారాలు నడిపించగల చెయ్యి. ఖాళీ కుర్చీ దానంతటదే ఊగిన వారం మా టైపిస్టు తన కుర్చీ మార్పించుకుంది.

మంగళవారం ప్రూఫులు రాగానే మాత్రం ప్రూఫ్ మాస్టారి గదిలో వాలిపోయేవారు.

"మాస్టారూ, ఒక్కణ్ణీ చదవలేను. మీరలా కూర్చోండి, నేను పైకి చదువుతా."

"నువ్వు రాసిందేగా నాయనా?"

"అందుకే భయం. తరవాతి పేజీలో ఏముందో నాకు తెలుసు కదా."

చెయ్యి వణక్కుండా మాస్టారి ఎర్రకలం పుచ్చుకునేవారు. దెయ్యం అయ్యాక గుండెదడ తగ్గాలని రాశిఫలాలు చదివేవారు. తగ్గకపోతే అల్లికల పేజీ, పాఠకుల ఉత్తరాలు, చివరికి సంపాదకీయం.

"అది చదివితే నిద్రొస్తుందయ్యా, ఇంక భయమెక్కడిది?" అనేవారు నాతో. సంపాదకీయం రాసేది నేనే.

ఓసారి ప్రత్యేక సంచికకు మూతపడ్డ లైట్‌హౌస్ ఫొటో కావలసివచ్చి ఇద్దరం వెళ్లాం. దగ్గరి ఇల్లు రెండు గంటల నడక. మిట్టమధ్యాహ్నమే అయినా లోపల చీకటి. పైన ఏదో తలుపు ఆగి ఆగి కొట్టుకుంటోంది. మూడో మెట్టు మీద నా కాళ్లు సమ్మె చేశాయి. ఆయన కూనిరాగం తీస్తూ ఒక్కరే పైదాకా పోయి, తలుపు గడియ పెట్టి, ఫొటో తీసుకుని దిగివచ్చారు.

"మీకు భయం కదండీ?"

"దేనికి? గాలికి తలుపు కొట్టుకుంటేనా?"

"మరి మంగళవారాలు?"

ఆయన కెమెరా సంచిలో సర్దుకున్నారు.

"మాస్టారికి చూపు ఆనడం లేదయ్యా. ఇంకో పదకొండు నెలలు లాగితేగాని పింఛను రాదు. మేనేజరుకు తెలిస్తే పదకొండు రోజులు కూడా ఉంచడు. చెవి మాత్రం అమోఘం. నేను దాటేసిన తప్పు కూడా వినే పట్టేస్తారు."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"పత్రికలవాడికి చెప్పి దాచమనడమా?"

తరవాతి మంగళవారం మేనేజరు నన్ను వరండాలో ఆపాడు. ప్రూఫుల గదిలోంచి వణుకుతున్న గొంతు అల్లికల పేజీ చదువుతోంది.

"లైట్‌హౌస్ దాకా వెళ్లొచ్చాడుగా, ఇంకా భయం పోలేదా ఈయనకి?"

"పోవడం కూడానా, ముదిరింది. మూడో మెట్టు మీద బిగుసుకుపోతే నేనే చెయ్యి పట్టుకుని దింపాను," అన్నాను. "తగ్గడానికి తక్కువలో తక్కువ పదకొండు నెలలు పడుతుందండి."