ఉప్పు తగలని గిరక

యెల్లారెడ్డి తాలూకా మొత్తానికి సముద్రమంటే భయపడే మనిషి ఒక్కడే, హనుమాండ్లు. సముద్రం ఎంత దూరమో అతనికి తెలియదు. అతనేం ఖర్మ, ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అయినా అది ఏనాడో ఒకనాడు వచ్చి తన గిరకకు తుప్పు పట్టించి పోతుందని అతని గట్టి నమ్మకం.

ముందు ఆ గిరక సంగతి చెప్పాలి. నిజాంసాగర్ కట్టేటప్పుడు వచ్చిన ఒక ఇంజనీరు దొరకు చేపల పిచ్చి. ఆయన గాలం కర్ర మొదట్లో ఉక్కు గిరక ఒకటి ఉండేది. దాని పిడి తిప్పితే దారం కర్రుమంటూ చుట్టుకుని, చేప ఒడ్డుకు వచ్చి పడేది. ఆ కర్ర మోసే పని హనుమాండ్లుది. కట్ట పూర్తయి వెళ్లిపోతూ దొర కర్రను అతని చేతిలోనే పెట్టి, గుమాస్తా చేత ఒక మాట చెప్పించాడు. "ఉప్పునీళ్లు తగిలితే తుప్పు పడతది. వాడినప్పుడల్లా మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె చుక్క వెయ్యి." దొర సముద్రం ఒడ్డున చేపలు పట్టిన మనిషి, అలవాటు కొద్దీ ఏదో చెప్పాడు. హనుమాండ్లు మాత్రం దాన్ని దేవుడి ఆనగా పట్టుకున్నాడు.

"మన చెర్వుల ఉప్పేడిది?" అని అడిగింది అతని పెళ్లాం భూమక్క.

"చెర్వుల లేకుంటె చెమటల లేదా?"

అంతే, ఆ ఇంట్లో ఉప్పుకు కష్టాలు మొదలయ్యాయి. తొక్కు పచ్చడి వేసుకుని తినేవాళ్లు వాకిట్లో కూర్చోవాలి. ఎండుచేపల మాట గడప లోపల ఎత్తకూడదు. ఒకసారి పుట్టింటి నుంచి ఏదో చెడ్డ కబురు వచ్చి భూమక్క గొల్లుమంది. హనుమాండ్లు పరుగెత్తుకొచ్చి, ముందు గిరకను అటక మీదికి ఎక్కించి, అప్పుడు ఏమైందని అడిగాడు.

"మనిషి ఏడుస్తుంటె నీకు గిర్క ఫికరా?"

"ఏడ్వద్దంటినా? జర అవుతల కూసోని ఏడ్వమంటున్న."

భూమక్కకు ఏడుపు కాస్తా నవ్వయిపోయింది. నవ్వొచ్చినందుకు మరింత కోపం వచ్చింది.

కామారెడ్డి స్టేషను దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే యాకూబు వద్ద సన్న నూనె దొరికేది. అది నిండుకున్నప్పుడల్లా హనుమాండ్లు గిరకను గుడ్డలో చుట్టి, చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. యాకూబు బొంబాయి చూసి వచ్చినవాడు.

"అరే హనుమాండ్లూ, నేను చూసిన గద. సముద్రం ఉన్న కాడనే ఉంటది. యెల్లారెడ్డికి రాదు."

"మబ్బులు నీళ్లు ఏడ తాగుతయి భాయ్?"

"సముద్రంల."

"మరి ఏడ కక్కుతయి?"

యాకూబు అరలోకి చెయ్యి పెట్టి, "ఇంకో సీసా గూడ తీస్కపో" అన్నాడు. ఆనాటి నుంచి వాన మొదలైతే హనుమాండ్లు ముందు నాలుక చాపి చినుకు రుచి చూసేవాడు. చప్పగా ఉంటేనే గాలం వేసేవాడు.

ఆనాడే తిరిగి వస్తుంటే ఒక బండివాడు జాలిపడి, లింగంపేట దాకా ఎక్కించుకుంటానన్నాడు. ఎక్కి, బస్తాలకు ఆనుకుని కూర్చున్నాక, ఏం బస్తాలని అడిగాడు హనుమాండ్లు. ఉప్పన్నాడు బండివాడు. మనవాడు దూకిన దూకుడుకు ఎద్దులు బెదిరిపోయాయి. అక్కడి నుంచి ఇంటి దాకా నడిచే వచ్చాడు. బొబ్బలెక్కిన కాళ్లకు భూమక్క నీళ్లు పోయబోతే, "ముందుగాల గిర్కకు పొయ్యి" అన్నాడు.

ఇవన్నీ భూమక్క భరించింది. ఆమెకు ఒళ్లు మండింది మాత్రం భూదవ్వ దగ్గర.

భూదవ్వ వాడ చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలమ్మ. బీడీలు చుట్టి బతికేది. నిరుడు పెద్ద జ్వరం పడి లేచాక వేళ్లు వణికి ఆ పని పోయింది, పట్టుదల మాత్రం పోలేదు. ఒకసారి భూమక్క జొన్న గటుక పంపిస్తే గిన్నె మూత కూడా తీయకుండా తిరిగి వచ్చింది. "కష్టం జేసి తింట. ఊకె పెడితె ముట్ట" అని కబురు. మనిషి చూస్తుండగానే పుల్లలా అయిపోతోంది. ఈ ఎండాకాలం దాటదని వాడంతా అనుకున్నారు.

అలాంటి భూదవ్వకు హనుమాండ్లు ఒక కొలువు ఇచ్చాడు. గిరక కడిగిన నీళ్లు నోట్లో పోసుకుని, ఉప్పు ఉందో లేదో చెప్పాలి. అందుకు కూలి, ఆనాటి చేపలో సగం.

"రుచి చూడనీకె ఇంట్ల నేను లేనా?" అంది భూమక్క.

"నీ నాలికకు ఉప్పు తెల్వదు."

"ఇన్నేండ్ల సంది నా చేతి కూర తింటలేవా?"

"తింటున్న. అందుకే చెప్తున్న."

ఆ మాట ఇంట్లో అని ఊరుకున్నా బాగుండేది. కనబడినవాళ్లకల్లా చెప్పాడు. బావి దగ్గర ఆడవాళ్లు, "భూమక్కా, మీ ఇంట్ల కూర ఎవలు చూస్తరే?" అని మూతులు తిప్పుకుని నవ్వారు. చేపల పులుసుకు వాడలో పేరు మోసిన మనిషికి అంతకంటే తలవంపు ఏముంది? పైగా దినమూ సగం చేప గడప దాటి పోతోంది.

ఒకనాడు హనుమాండ్లుకు చేయంత కొర్రమట్ట పడింది. వాడంతా వచ్చి చేపను చూసి, గిరకను చూసి, నోళ్లు వెళ్లబెట్టారు. అతను స్నానానికి పోగానే భూమక్కకు మనసు ఆగలేదు. ఎంత తిట్టుకున్నా ఇంటిని పోషించే గిరక కదా, అన్ని కళ్లు పడితే ఏమవుతుందో. ఎప్పుడూ వాడలో పిల్లలకు తీసినట్టే గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని దిష్టి తిప్పింది. తిప్పుతుంటే గాజు గాలపు ముల్లుకు తట్టుకుని, గుప్పిట్లో ఉప్పంతా గిరక మీద పడింది. నూనె జిడ్డుకు ప్రతి ఉప్పు గల్లూ అంటుకుంది.

భూమక్క గబగబా గిన్నెడు నీళ్లలో ముంచి కడిగింది. అంతలో హనుమాండ్లు రానే వచ్చాడు.

"నువ్వే కడిగినవా? మంచిపని జేసినవు" అని గిరకను చంకన పెట్టుకుని, ఆ గిన్నె ఎత్తుకుని, సగం చేప పట్టుకుని భూదవ్వ గుడిసెకు నడిచాడు. ఇక తన గుట్టు ఊరంతా తెలిసిపోయినట్టేనని భూమక్క వెంటపడింది.

భూదవ్వ కొలువులో ఉన్న మనిషిలా సర్దుకుని కూర్చుంది. పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, అటూ ఇటూ తిప్పి ఉమ్మేసింది.

"సప్పగున్నది కొడుకా. ఉప్పు రవ్వంత లేదు."

భూమక్క గిన్నెలోకి చూసింది. అడుగున ఉప్పు గల్లు ఇంకా కరగకుండా తెల్లగా కనబడుతోంది. హనుమాండ్లు కూడా చూశాడు. చూసి, "నా గిర్కను బతికిచ్చినవు అవ్వా" అని చేపను ఆమె చేటలో పెట్టాడు.

దారిలో భూమక్క ఉండబట్టలేకపోయింది. "ఆ నీళ్లు ఉప్పు కషాయం. దిష్టి తీస్తుంటె చెయ్యి జారింది."

"కనబడ్డది."

"మరి ముసల్ది సప్పగున్నదన్నది?"

"జ్వరమప్పుడే ఆమె నాలిక సచ్చింది. మొదటి దినమే ఎర్కయింది నాకు, ఉప్పు గలిపి ఇస్తె గిదే మాట జెప్పింది. ఆమెకు మాత్రం ఎర్కలేదు. జెప్తె కొలువు ఇడిసిపెడతది, తిండి గూడ."

భూమక్క అతనికి అడ్డం తిరిగింది. "మరి నా నాలికను ఊరంత ఎందుకు బద్నాం జేసినవు?"

"నీది మంచిగుంటె, నాతోని ఏం పని అని భూదవ్వ అడగదా?"

భూమక్క కళ్లు తుడుచుకోబోయి, ఆ చేతిని గిరకకు దూరంగా పెట్టింది.

"ఇంటికి పోయి మల్ల కడగాలె" అన్నాడు హనుమాండ్లు. "ఆమె చూసినంక దినాం నేనే మల్ల కడుగుతున్న. కని ఇయ్యాల రెక్కలు ఇరుగుతయి."

మర్నాడు బావి దగ్గర ఎవరూ అడగకముందే భూమక్క గొంతెత్తింది. "నిజమేనే, నా నాలిక ఖరాబయింది. ఇగ కూర గూడ భూదవ్వకే చూపెడత." ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది.

ఆ సాయంత్రం పులుసు గిన్నె, అన్నం పట్టుకెళ్లి భూదవ్వ ముందు పెట్టింది. భూదవ్వ వేలు ముంచి నాకి, చాలాసేపు ఆలోచించి, "అన్నీ సరిపోయినయి బిడ్డా. గిట్లనే వండు" అంది. కొలువు పెరిగినందుకు కడుపునిండా తిన్నది.

ఇంట్లో హనుమాండ్లు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ముసలమ్మకు పొద్దుగూకకముందే ఇవ్వాలన్న తొందరలో భూమక్క ఉప్పు వేయడమే మరిచిపోయింది.

"కూరల ఉప్పు..."

"భూదవ్వ సరిపోయిందన్నది. నీ నాలికకేం ఎర్క? తిను."

హనుమాండ్లు చూరుకు వేలాడుతున్న గిరక వైపు ఒకసారి చూశాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"తియ్, మంచిదే. ఇయ్యాల దానికి ఫికర్ లేదు."